చూడని మాటకు గీసిన అక్షరం: తెలుగు శీర్షికా ఖతులలో వత్తు

తెలుగు లిపి మీద మన శాఖల్లో జరిగిన పని ఎక్కువగా శాసనాల దగ్గర మొదలై లిపి సంస్కరణ వాదాల దగ్గర ముగుస్తుంది. అచ్చులోకి వచ్చిన తరువాత అక్షరం వేసిన వేషాలను, ముఖ్యంగా పుస్తకం అట్ట మీద, శుభలేఖ మీద, సభ బ్యానరు మీద పెద్దగా కనిపించే అలంకార రూపాలను, చిత్రకారులకో డీటీపీ కేంద్రాలకో చెందిన వ్యవహారంగా వదిలేశాం. ఈ వ్యాసం ఆ రూపాలను సాహిత్య విద్యార్థి దృష్టితో చూసే ప్రయత్నం. చదవడమే వృత్తిగా పెట్టుకున్నవారికి, చదవబడే అక్షరం రూపం గురించి మాట్లాడే అధికారం కొంతైనా ఉంటుందని నా నమ్మకం.

‘ఖతి’ అనే మాటను ఇక్కడ ఫాంటు అన్న అర్థంలో వాడుతున్నాను. పుస్తకం లోపలి పుటల్లో వరసగా చదువుకోవడానికి ఉద్దేశించినవి పాఠ్య ఖతులు. శీర్షికలకు, ఆహ్వాన పత్రాలకు, పోస్టర్లకు పెద్ద పరిమాణంలో వాడేందుకు గీసినవి శీర్షికా ఖతులు. పాఠ్య ఖతి తాను తెరవెనుక ఉండి మాటను ముందుకు పంపుతుంది. శీర్షికా ఖతి మాటతోపాటు తానూ రంగస్థలం మీదికి రావాలనుకుంటుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే ఆ కోరిక తీర్చడానికి అక్షరంలో ఏ భాగం మూల్యం చెల్లిస్తున్నదన్నది ప్రశ్న. తెలుగులో ఆ భాగం దాదాపు ప్రతిసారీ వత్తే. కాబట్టి తెలుగు శీర్షికా ఖతి గుణదోషాలను అకారమో కకారమో ఎంత ఒయ్యారంగా ఉందన్నదాన్నిబట్టి కాక, దాని వత్తులు ఎలా నిలిచాయన్నదాన్నిబట్టి నిర్ణయించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఈ ఆలోచన నాకు గ్రంథాలయంలో పుట్టలేదు. రెండేళ్ల కిందట ఒక కళాశాలలో జరిగిన సదస్సుకు బ్యానరు తయారు చేయించే పని నా మీద పడింది. మొదటి పంక్తిలో ‘ఉత్తరాంధ్ర సాహిత్యం’, రెండో పంక్తిలో ‘జాతీయ సదస్సు’. ఖతి ఎంపిక నాదే. బ్యానరు నిండుగా కనబడాలని రెండు పంక్తుల మధ్య ఎడం తగ్గించమన్నదీ నేనే. వేదిక మీద కట్టాక చూస్తే, పై పంక్తిలోని తవత్తు సరిగ్గా దాని కిందకే వచ్చిన ‘జాతీయ’లోని గుడిదీర్ఘంలో కలిసిపోయింది. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన నన్ను పిలిచి, “ఈ ఉతరాంధ్ర ఏ జిల్లాల్లో ఉందండీ?” అని అడిగారు. నవ్వి ఊరుకున్నాను గాని, ఆ రోజంతా వక్తల తలల మీదుగా నాకు ఆ తకారమే కనిపించింది.

మూడు అంతస్తులు

తెలుగు అక్షరం నిలువునా మూడు అంతస్తుల్లో కాపురం ఉంటుంది. నడుమ హల్లు దేహం. పైన తలకట్టు, గుడి, ఎత్వం, ఒత్వం. కింద వత్తు. పైఅంతస్తు, కిందిఅంతస్తు రెండూ నిండి ఉండే అక్షరాలు మన భాషలో అరుదు కావు. ‘పెళ్ళి’, ‘తల్లీ’, ‘చిట్టి’ వంటి నిత్యవ్యవహారపు మాటల్లోనే ఉన్నాయి. వత్తులన్నిటి స్వభావం కూడా ఒకటి కాదు. ట, బ, జ వంటివి దాదాపు తమ రూపంతోనే చిన్నవై కింద కూర్చుంటాయి. త, న, మ, య, ర, ల మాత్రం వత్తులయ్యేసరికి మాతృకను పోల్చుకోలేనంతగా మారిపోతాయి. యవత్తు కింద బయలుదేరి కుడిపక్కన పైకి లేస్తుంది. రవత్తు ఎడమనుంచి అక్షరాన్ని చుట్టుకుంటుంది. రూపు మారిన ఈ వత్తులకు ఆ సన్నని వంపే సర్వస్వం. దానికి అలంకారం తగిలించబోయి ఒక వంపు పోగొట్టామంటే గుర్తు పట్టడానికి ఇంకేమీ మిగలదు.

36 హల్లులనుకుంటే, ఒక హల్లు కింద మరొక హల్లు చేరే జంటలు లెక్క ప్రకారం 1,296. భాషలో ఇవన్నీ రావు, వచ్చేవాటిలోనూ కొన్నే తరచుగా వస్తాయి. కాని వాటికి గుణింతాలు చేరితే ఏ చిత్రకారుడూ ప్రతి కలయికనూ విడివిడిగా గీసి చూడలేడు. ఖతి రూపకర్త చేసేది హల్లుల దేహాలను, వత్తులను, గుణింతపు గుర్తులను వేరువేరుగా గీసి, అవి ఎక్కడ ఎలా కలవాలో నియమాలు రాయడం. ఆ నియమాలనుబట్టి కంప్యూటరు అక్షరాన్ని కూర్చుతుంది. యూనికోడ్ దృష్టిలో ‘ఉక్కు’ అన్న రెండక్షరాల మాట ఐదు సంకేతాలు: ఉ, క, పొల్లు, మళ్లీ క, కొమ్ము. బంధకవిత్వం చదివినవారికి ఈ విభజన వింతగా తోస్తుంది. పద్మబంధంలో అక్షరం మొత్తంగా ఒక రేకులో నిలుస్తుంది. దానితో వచ్చిన వత్తు, గుణింతం అన్నీ ఆ రేకులోనే ఇమిడి ఉంటాయి. మన ఛందస్సుకు అక్షరం అవిభాజ్యం. యంత్రానికి అది కూర్పు. శీర్షికా ఖతిని గీసేవాడు ఈ రెంటి మధ్య నిలబడి పని చేయాలి.

పేరు చూసి రాసిన చేయి

లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో విశాఖపట్నం చేరారు. వారిలో అగస్టస్ డెస్‌గ్రాంజెస్ ఇక్కడ తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. మాట విశాఖలో తయారైంది, అక్షరం గంగాతీరంలో పోత పోసుకున్నది. రాసే చోటుకు, అక్షరం తయారయ్యే చోటుకు మధ్య ఉన్న ఈ దూరం మన ముద్రణ చరిత్రలో చాలాకాలం కొనసాగింది. సీసపు అక్షరాల యుగంలో ఒక్క పరిమాణానికే వందల సంఖ్యలో అచ్చుదిమ్మెలు కావాలి. పాఠ్యానికి అంత ఖర్చు పెట్టవచ్చు. పెద్ద పరిమాణంలో, రకరకాల అలంకార రూపాల్లో అన్ని దిమ్మెలు పోయించడం ముద్రాపకులకు గిట్టుబాటయ్యే పని కాదు.

అందుచేత తెలుగులో అలంకారాక్షరం అచ్చుదిమ్మెగా కాక చేతిరాతగా పెరిగింది. వారపత్రికలో కథ పేరును చిత్రకారుడు బొమ్మతోపాటు గీసేవాడు, దానికి బ్లాకు చేయించి అచ్చు వేసేవారు. సినిమా పేర్లు, నాటకాల వాల్‌పోస్టర్లు, దుకాణాల బోర్డులు అన్నీ ఈ పద్ధతిలోనే వచ్చాయి. బాపు (1933–2014) గీసిన కథాశీర్షికలు ఈ విద్యకు శిఖరం. వాటిలో ‘బాపు అక్షరం’ అనేది స్థిరంగా ఒకటి ఉండదన్నది నా పరిశీలన. మాటను బట్టి అక్షరం లావవుతుంది, వంగుతుంది, వత్తు ఒకచోట బుద్ధిగా ఒదుగుతుంది, మరొకచోట పంక్తి దాటి దూకుతుంది. చిత్రకారుడు ముందు మాటను చూశాడు, తరువాత గీశాడు. ఆ మాటలో ఉన్న వత్తు ఒక్కటే కావచ్చు, రెండు కావచ్చు. ఆ రెంటికే ఆయన సమాధానం చెప్పాలి.

తరువాతి కాలంలో బాపు దస్తూరి కంప్యూటరు ఖతిగా వచ్చింది. ఆ ఖతిలో ఇవాళ శుభలేఖలు అచ్చవుతున్నాయి. ఆ శుభలేఖలు బాపు రాసినట్టే ఉంటాయి, బాపు రాసినట్టు ఉండవు. ఆయన ఆ వధూవరుల పేర్లను చూడలేదు గనక. చేతి అలంకారాక్షరం చూసిన మాటకు గీసినది. శీర్షికా ఖతి చూడని మాటకు గీసినది. ఈ తేడాను గుర్తించకుండా, చేతిరాత అందాన్ని కొలబద్దగా పెట్టుకుని ఖతిని మెచ్చుకోవడం గాని తిట్టడం గాని విమర్శ అనిపించుకోదు. చేతిరాతలన్నీ గొప్పవని కూడా నేననడం లేదు. పూర్ణా మార్కెట్టు వీధుల్లో మిగిలిన పాత బోర్డులు చూస్తే, చోటు చాలక చివరి అక్షరాన్ని మూలకు నెట్టేసినవే ఎక్కువ.

ఉక్కు, హక్కు

ఖతిని పరీక్షించడానికి ఏ మాటలు తీసుకోవాలి? ఖతుల నమూనా పుటల్లో సాధారణంగా వర్ణమాల ఉంటుంది, లేదా ఏదో ఒక సుపరిచిత వాక్యం ఉంటుంది. విశాఖలో నివసించేవాడికి అంతకంటే మంచి పరీక్షాపత్రం గోడల మీదే దొరుకుతుంది.

“విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు” అన్న నినాదం 1966 నాటి ఉద్యమంతో ఆంధ్రదేశమంతటా మారుమోగింది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది, 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. 2021 జనవరిలో పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం వెలువడ్డాక ఆ నినాదం మళ్లీ బ్యానర్ల మీదికి, గోడల మీదికి వచ్చింది. తొలిసారికీ మలిసారికీ మధ్య బ్యానరు గుడ్డ పోయి ఫ్లెక్సు వచ్చింది, కుంచె పక్కన ఖతి వచ్చి కూర్చుంది.

ఈ నినాదం బలం దాని ప్రాసలో ఉందని వేరే చెప్పనక్కరలేదు. కాని ఆ ప్రాస ఎలాంటిదో ఒకసారి చూడాలి. ఉక్కు, హక్కు రెండింటిలోనూ రెండో అక్షరం ద్విత్వ కకారం. రెండింటిలోనూ మొదటి అక్షరం ద్విత్వం ముందుండడంవల్ల గురువైంది. ద్విత్వానికి ద్విత్వమే ప్రాస కావాలన్న లాక్షణిక నియమం, ప్రాసపూర్వాక్షరం గురులఘువుల్లో సరిపోలాలన్న నియమం ఇక్కడ పూర్తిగా నెరవేరాయి. నినాదం పద్యం కాదు, ప్రాసస్థానం పాదాదిలోనూ లేదు. అయినా ఆ రెండు మాటలను పక్కపక్కన పెడితే ఛందోవేత్త ఒప్పుకునే ప్రాసే ఉంది. చెవికి ఈ ప్రాసను వినిపించేది కకారం ఒత్తు. కంటికి దాన్ని చూపించేది కవత్తు. అది చిన్నబోయినా, మసకబారినా నినాదం ‘ఉకు, హకు’గా కుంగిపోతుంది. అర్థం పోదు. పిడికిలి బిగింపు పోతుంది.

రూపకర్తకు ఈ అక్షరం పెట్టే చిక్కు ఏమిటంటే, క్కులో కొమ్ము కుడివైపు దిగువనుంచి లేస్తుంది, వత్తు కూడా కుడి దిగువకే రావాలనుకుంటుంది. ఒకే చోటుకు ఇద్దరు హక్కుదారులు. గోడ మీద రాసే చిత్రకారుడు వత్తును కొంచెం ఎడమకు జరిపి, కకారం కడుపు కిందికి తెస్తాడు. కూర్మన్నపాలెం వైపు నేను చూసిన గోడరాతల్లో ఒకదానిలో హక్కులోని వత్తు ఉక్కులోని వత్తుకంటే స్పష్టంగా పెద్దది. చివరి మాట గనక సాగదీశాడనుకోవచ్చు, గోడ మిగిలింది గనక సాగదీశాడనీ అనుకోవచ్చు. ఖతికి ఈ వెసులుబాటు లేదు. వత్తు స్థానాన్ని ముందే నిర్ణయించాలి. కొన్ని ఖతుల్లో వత్తుకు సొంత వెడల్పు ఇస్తారు. అప్పుడు ఘర్షణ ఉండదు గాని, వత్తు వెనక ఖాళీ ఏర్పడి మాట రెండు ముక్కలైనట్టు కనబడుతుంది. వెడల్పు ఇవ్వకుండా అక్షరం కిందే ఇరికిస్తే ఖాళీ ఉండదు గాని, లావైన గీతల ఖతిలో కొమ్మూ వత్తూ ముద్దవుతాయి. రెండూ నష్టాలే. ఏ నష్టాన్ని ఎంచుకున్నాడన్నదానిలో రూపకర్త వివేకం తెలుస్తుంది.

విశాఖ ఊరిపేర్లు ఈ పరీక్షకు మరింత పదును పెడతాయి. పట్నం, మద్దిలపాలెం, అల్లిపురం, మర్రిపాలెం, పెందుర్తి, కొమ్మాది. అన్నిటికంటే కఠినమైనది అక్కయ్యపాలెం. కవత్తు పక్కనే యవత్తు. మొదటిది కిందికి దిగి కుడికి జరగబోతుంది, రెండోది కిందనుంచి బయలుదేరి కుడికి లేస్తుంది. నేను చూసిన ఖతుల్లో ఈ పేరును తడబడకుండా రాసినవి తక్కువ. గాజువాక, కంచరపాలెం మాత్రం ఏ ఖతిలో వేసినా చక్కగా ఉంటాయి. వాటిలో వత్తే లేదు.

కవుల పేర్లు, ఖతుల రూపాలు

2010 తరువాతి తొలి ఏళ్లలో సిలికానాంధ్ర ద్వారా వెలువడిన యూనికోడ్ ఖతుల రూపకల్పనలో పురుషోత్ కుమార్ గుత్తుల, అప్పాజీ అంబరీష దర్భా ప్రధానమైన పేర్లు. స్వేచ్ఛగా వాడుకోవడానికి, మార్చుకోవడానికి వీలైన లైసెన్సుతో ఇవి గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతున్నాయి. తెలుగులో శీర్షికకు పది రకాల ఉచిత యూనికోడ్ అక్షరాలు దొరికే స్థితిని తెచ్చినవారికి మన భాష రుణపడి ఉంది. కింద చెప్పే అభ్యంతరాలను ఈ మాట తరువాతే చదవాలి.

ఈ ఖతుల పేర్లు సాహిత్య విద్యార్థిని వెంటనే ఆకర్షిస్తాయి. ధూర్జటి, తిమ్మన, రామభద్ర, రామరాజ, తెనాలి రామకృష్ణ: అష్టదిగ్గజాలు. గిడుగు, గురజాడ, సురవరం: ఆధునికులు. పేరుకూ రూపానికీ సంబంధం వెతకడం వృథాప్రయాస. రాజాశ్రయాన్ని ఈసడించిన శతకకర్త పేరిటి అక్షరం ఆహ్వాన పత్రాలకు, పోస్టర్లకు ఉద్దేశించినది. అయ్యలరాజు రామభద్రుని పేరిటి ఖతి చాలా దళసరిది. రామాభ్యుదయ కర్త శైలికి ఆ దళసరితనం ఏమవుతుందో నేను చెప్పలేను. అయినా ముక్కు తిమ్మన పేరిటి ఖతిలో ‘ముక్కు తిమ్మన’ అని వేసి చూడమని నా తోటి పరిశోధకులకు చెబుతుంటాను. క్కు, మ్మ రెండూ ఆ బిరుదుపేరులోనే ఉన్నాయి. పరీక్ష అక్కడే అయిపోతుంది.

రామభద్ర వంటి దట్టమైన ఖతి తెచ్చే చిక్కు వత్తుతో మొదలై తలకట్టు దాకా పాకుతుంది. ప, వ అక్షరాల మధ్య భేదం చాలా సన్ననిది. పకారంలో తలకట్టు దేహాన్ని అంటకుండా పైన నిలుస్తుంది. వకారంలో అంటుకుని ఉంటుంది. ఆ వెలుగు సందే పకారానికి ప్రాణం. గీత లావయ్యే కొద్దీ సందు తగ్గుతుంది. ఖతి రూపకర్త సందును లెక్కగా ఉంచినా, ఫ్లెక్సు తయారీలో అక్షరానికి చుట్టూ రంగు అంచు వేస్తారు, దాని వెనక నీడ వేస్తారు. సందు పూడిపోతుంది. వంద అడుగుల దూరంనుంచి విశాఖపట్నం ‘విశాఖవట్నం’ అవుతుంది. చదువరి సందర్భాన్నిబట్టి సరిచేసుకుంటాడు గదా అని ఒక వాదం ఉంది. విశాఖపట్నం విషయంలో ఆ వాదం నిలుస్తుంది. ముందెన్నడూ వినని మనిషి పేరు విషయంలో, కొత్త పుస్తకం పేరు విషయంలో నిలవదు. శీర్షిక పని తెలియనిదాన్ని పరిచయం చేయడం. తెలిసినవాడే చదవగల శీర్షికతో ప్రయోజనం లేదు.

లక్కిరెడ్డి ఖతి సమస్య వేరు. అది బొద్దుగా, వంపులు తిరిగిన చేతిరాత తీరులో సాగే అక్షరం. ఒక్క మాటను వేస్తే ఎవరో ఉల్లాసంగా రాసిచ్చినట్టుంటుంది. ఉక్కు, హక్కు రెండూ వేస్తే రెండు క్కులూ అచ్చు గుద్దినట్టు ఒకటే. ఏ చేయీ ఒకే అక్షరాన్ని రెండుసార్లు ఒకేలా రాయదు గనక చేతిరాత భ్రమ అక్కడ చెదిరిపోతుంది. నిజం చెప్పాలంటే మొదట నేను దీన్ని దోషంగానే రాసుకున్నాను. తరువాత ఆలోచిస్తే, ప్రాసకు కావలసింది ఆ సమరూపతే. అక్షరం తిరిగి రావడమే ప్రాస. రెండోసారి వచ్చినప్పుడు కన్ను దాన్ని పోల్చుకోవాలి. ఖతి బలహీనత నినాదానికి బలమైంది. కథాశీర్షికకైతే ఇదే గుణం కృతకంగా ఉంటుంది. కాబట్టి ఖతిని ఒంటరిగా మెచ్చడం సాధ్యం కాదు. అది ఏ మాటను మోస్తున్నదో చూడాలి.

ఇక్కడ ఆనందవర్ధనుడు చేసిన ఒక నిర్ణయం ఉపకరిస్తుంది. అలంకారం రసానికి అంగం కావాలంటే అది అపృథగ్యత్ననిర్వర్త్యం కావాలన్నాడాయన. రసం మీద లగ్నమైన కవికి వేరే ప్రయత్నం లేకుండా, రసంతోపాటే అలంకారం సిద్ధించాలి. యమకం కోసం కవి ప్రత్యేకంగా మాటలు వెతుక్కోవలసి వస్తుంది గనక విప్రలంభ శృంగారంలో దాన్ని వద్దన్నాడు. అక్షర విషయంలో రసస్థానంలో ఉన్నది చదవడం. కుంచె తిరిగే తీరులోనే పుట్టిన లావుసన్నాలు, తలకట్టు విసురు, వత్తు తోక అపృథగ్యత్నాలు. అక్షరం గీసేశాక దానికి తగిలించిన పువ్వు, లోహపు మెరుపు, మూడు పొరల నీడ పృథగ్యత్నాలు. మన శీర్షికా ఖతులను ఈ దృష్టితో పరిశీలిస్తే ఒక విషయం బయటపడుతుంది. ప్రధానాక్షరంలో అలంకారం చాలావరకు గీతలోంచే పుట్టి ఉంటుంది. వత్తు దగ్గరికి వచ్చేసరికి అదే గీతను కుదించి అతికించినట్టుంటుంది. కుదించినప్పుడు గీత కూడా సన్నబడుతుంది గనక పైన మల్లయోధుడు, కింద రోగిష్టి. వత్తును వత్తుగానే, దాని పరిమాణానికి తగిన మందంతో మళ్లీ గీయడం శ్రమ. ఆ శ్రమ పడిన ఖతి దూరంనుంచే తెలిసిపోతుంది.

వత్తు చేతిలో ఉన్నవాడు

యూనికోడ్ ఖతులు ఉచితంగా దొరుకుతున్నా, మన ఫ్లెక్సు దుకాణాల్లో, అచ్చుకూటాల్లో ఇప్పటికీ అను వంటి పాత పద్ధతి ఖతులే ఎక్కువగా కనిపిస్తాయి. దీన్ని అలవాటు అనీ, బద్ధకం అనీ కొట్టిపారేయడం మన వర్గంలో పరిపాటి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు అర్థం కాదన్న సాంకేతిక కారణం కూడా చెబుతాం. ఇవన్నీ ఉన్నవే. కాని డాబాగార్డెన్స్ దగ్గర ఒక ఫ్లెక్సు దుకాణంలో కొన్ని సాయంత్రాలు కూర్చున్న తరువాత మరో కారణం అర్థమైంది.

పాత ఖతిలో వత్తు ఒక స్వతంత్ర అక్షరం. ఆపరేటరు దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కిందికి దించవచ్చు, ఎడమకు జరపవచ్చు, పెద్దది చేయవచ్చు. అక్కయ్యపాలెం అన్న పేరు వచ్చినప్పుడు అతను కవత్తును రెండు మీటలు నొక్కి ఎడమకు నెట్టడం నేను చూశాను. ఎందుకని అడిగితే, “అది కొట్టుకుంటదండి, జరపాల” అన్నాడు. గోడ మీద చిత్రకారుడు చేసే పనే ఇది. మాటను చూసి చేసే సవరణ. యూనికోడ్ ఖతిలో వత్తు స్థానం నియమాల్లోకి వెళ్లిపోయింది. ఆపరేటరు చేతికి అందదు. రూపకర్త ఆ నియమాన్ని బాగా రాసి ఉంటే దుకాణంలో సవరణ అవసరం ఉండదు. రాయకపోతే సవరించే దారి లేదు. పాత ఖతికి అంటిపెట్టుకున్న ఆపరేటరు ఆధునికతను కాదనడం లేదు. తన చేతిలో ఉన్న ఒక విద్యను కాపాడుకుంటున్నాడు.

ఇందులో మనకున్న నష్టం చిన్నది కాదు. పాత ఖతుల్లో కూర్చిన పాఠం కంప్యూటరుకు తెలుగు కాదు. ఆ సంకేతాలు వేరు, వాటిని ఆ ఖతితో చూసినప్పుడే తెలుగుగా కనబడతాయి. రేపు ఒక పరిశోధకుడు మూడు దశాబ్దాల కరపత్రాలను, ఆహ్వానాలను, పుస్తకాల అట్టలను సేకరించి వాటిలో ఒక మాటను వెతకాలంటే ఆ ఫైళ్లు అతనికి పనికిరావు. యూనికోడ్‌లోకి రమ్మని ఆపరేటర్లను అడిగే ముందు, వారి చేతి సవరణకు సాటివచ్చే ఖతులను ఇవ్వాలి. ఓపెన్‌టైప్ సాంకేతికతలో దానికి వీలుంది. పక్క అక్షరాన్నిబట్టి వత్తు రూపాన్ని, స్థానాన్ని మార్చే నియమాలు రాయవచ్చు. ఒకే వత్తుకు రెండు మూడు ప్రత్యామ్నాయ రూపాలు ఉంచవచ్చు. ఏ జంటలు తరచుగా వస్తాయో, ఏవి పక్కపక్కన పడితే కొట్టుకుంటాయో చెప్పవలసినవారు భాషాశాస్త్రం, ఛందస్సు చదివినవాళ్లు. ఆ జాబితా మన శాఖల నుంచి వెళ్లాలి. ఖతుల నమూనా పుటల్లో వర్ణమాల బదులు అక్కయ్యపాలెం ఉండాలని అడగవలసిందీ మనమే.

నేను చివరిసారి ఆ దుకాణానికి వెళ్లినప్పుడు, నా మాట కాదనలేక ఆపరేటరు ఉక్కు, హక్కు నినాదాన్ని యూనికోడ్ ఖతిలో కూర్చాడు. కొమ్ము, వత్తు రాసుకున్నాయి. జరపబోతే జరగలేదు. కొంతసేపు చూసి, మాటలన్నిటినీ ఎంచుకుని వాటిని గీతలుగా మార్చేశాడు. అప్పుడు కవత్తు విడివడింది. దాన్ని పట్టుకుని కొంచెం కిందికి, కొంచెం ఎడమకు జరిపాడు. హక్కులోని వత్తును కాస్త పెంచాడు కూడా. చూడడానికి చాలా బాగుంది. ఫైలు భద్రపరిచి నాకు పంపాడు. అందులో ఇప్పుడు అక్షరాలు లేవు, అక్షరాల బొమ్మ ఉంది. ‘ఉక్కు’ అని వెతికితే ఏమీ దొరకదు.